మోకాళ్ళ నూనె

మొన్న సాయంత్రం మా వీధి మెట్ల మీద కూర్చుని మోకాలు పట్టుకుని అబ్బా అన్నాను. అంతే, ఎదురింటామె వచ్చి పక్కన చతికిలబడింది. అటూ ఇటూ చూసి, దొంగసొత్తు గురించి చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "అక్కా, నీకొక మాట చెప్తా, ఎవురితోనూ అనొద్దు. యాడన్నా ట్రాన్స్‌ఫారం ఆయిలు దొరికితే తెప్పించుకోని రెండు పూటలా రుద్దు. మా చిన్నమ్మ మంచం మీద నుంచి లేసి తిరుగుతాండాది."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ చిన్నమ్మ పరిగెత్తితే పరిగెత్తనీ తల్లీ, నేను కుంటుకుంటూనే పోతాలే" అనేశాను. ఆమె మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. పాపం, ఆమెకేం తెలుసు? మంచి చెప్పబోయింది. కానీ ఆ నూనె పేరు చెవిన పడగానే నా ముక్కులోకి ఆ వాసన వచ్చేసింది. కొంచెం కిరసనాయిలు లాగా, కొంచెం కొత్త ఇనుము లాగా ఉండి, పైన హారతికర్పూరం ఘాటు తగిలే వాసన. మా అవ్వ నులకమంచం వాసన అది. మదనపల్లెలో మెట్ల మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మా ఊరికి వెళ్ళిపోయాను.

మా ఊరు పుంగనూరుకు అవతల. బస్సు దిగి గుట్టలమధ్య బండిబాట పట్టుకుని నడవాలి. వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. బోరుబావి ఉన్నవాడు రైతు, లేనివాడు వాడి పొలంలో కూలి. ఆ బోరులోంచి నీళ్ళు రావాలంటే కరెంటు రావాలి. మోటార్లు తిరిగే మూడు ఫేజుల కరెంటు రోజూ కొన్ని గంటలే ఇచ్చేవాళ్ళు, అదీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మా ఊళ్ళో జనం జీవితమంతా ఆ గంటలకు కట్టేసి ఉండేది. పెళ్ళికి పోయినవాళ్ళు తలంబ్రాలు పడీ పడకముందే చెప్పులు వెతుక్కునేవాళ్ళు. "యాలప్పా అంత తొందర, అన్నం తినిపో" అని పెళ్ళివాళ్ళు చెయ్యి పట్టుకుంటే, "కరెంటు వస్తాది మామా" అనేవాళ్ళు. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. చావుకు పోయినవాళ్ళదీ అదే తీరు.

ఆ కరెంటును మాకు పంచిపెట్టే ట్రాన్స్‌ఫార్మరు మా చేని గట్టు మీదే ఉండేది. రెండు స్తంభాలు, మధ్యలో ఇనుప దిమ్మె, దాని మీద బూడిదరంగు డబ్బా. పక్కల నుంచి వంకర గొట్టాలు. కరెంటు ఉన్నంతసేపూ గుమ్మ్ మని మోగేది. ఆ మోత వింటూనే మా ఊళ్ళో ఆడవాళ్ళు సంగటి కెలికేవాళ్ళు, చెనిక్కాయలు ఒలిచేవాళ్ళు. మోత ఆగిందంటే అందరి చేతులూ ఒక్క క్షణం ఆగేవి.

దాని లోపల ఏముంటుందో నాకు కాలేజీకి పోయాకే తెలిసింది. కరెంటు ఎక్కడో దూరాన పుట్టి ఎన్నో ఊళ్ళు దాటి రావాలి. తక్కువ ఒత్తిడితో, అంటే తక్కువ వోల్టేజితో పంపితే తీగలు వేడెక్కి దారిలోనే చాలా భాగం హరించుకుపోతుంది. అందుకని బయలుదేరే చోటే ఒత్తిడి విపరీతంగా పెంచి పంపుతారు. ఊరి దగ్గరికి వచ్చేసరికి అది అదే జోరు మీద ఉంటుంది, మన మోటారుకు తగిలిస్తే బూడిదే. దాన్ని దించి మన మోటారుకు, మన బల్బుకు తగినట్టు చేసేది ఈ డబ్బా. లోపల ఇనుప రేకుల దొంతర, దాని మీద రెండు తీగచుట్లు. ఒకదానికి ఎక్కువ చుట్లు, ఒకదానికి తక్కువ. తమాషా ఏమిటంటే ఆ రెండూ ఒకదాన్నొకటి తాకవు. పెద్ద చుట్టులో కరెంటు అటూ ఇటూ ఊగుతుంటే మధ్య ఇనుములో అయస్కాంతం ఊగుతుంది. ఆ ఊపుకు చిన్న చుట్టులో కరెంటు తనంతట తానే పుడుతుంది. మా లెక్చరరు బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుంటే నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఎందుకు నవ్వావని ఆయన నిలబెట్టి అడిగారు. మా అమ్మా, మా అవ్వా గుర్తొచ్చారు సార్ అని ఎట్లా చెప్పను?

మా అమ్మా, మా అవ్వా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. ఎందుకు మాటలు పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఒక కారణం చెప్పేది, అవ్వ ఇంకొకటి చెప్పేది, మా నాయన "మీ ఇద్దర్నీ అడగాల్సిన ఖర్మ నాకేల?" అని తువ్వాలు దులుపుకుని పోయేవాడు. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. మధ్యలో నేను.

"మీ అవ్వకు చెప్పు, సంగటి సల్లారిపోతాండాదని."

"మీ అమ్మకు చెప్పు, ఊరిబిండి పచ్చడిలో ఉప్పు వేసేది మర్సిపోయిందని."

ఇద్దరూ ఒకే పంచలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి చెప్పే మాటలివి. ఇద్దరికీ ఇద్దరి మాటా వినబడేది. అయినా నేను చెప్పేదాకా వినబడనట్టే కూర్చునేవాళ్ళు. ఆడుకోవడానికి పోదామంటే లేదు, ఏ మూల దాక్కున్నా "మే, యాడుండావే?" అని రెండు వైపుల నుంచీ పిలుపే. ఇంటికి తాళం వేసి నన్ను దానికి వేలాడదీసినట్టుండేది.

అమ్మది కుప్పం పక్క పల్లె. అక్కడ పట్టుపురుగులు పెంచడం ఇంటింటా ఉన్న పని. పుట్టింటి నుంచి ఆ విద్య ఒక్కటే తెచ్చుకుంది. నాయనను నెలల తరబడి బతిమాలి మా చేలో కొంత మల్బరీ నాటించింది, ఇంటిని ఆనుకుని ఉన్న ఆ చేనిలోనే ఒక కొట్టం వేయించింది. తలుపు దగ్గర సున్నమూ బ్లీచింగు పొడీ చల్లిన గోనెపట్టా. కాళ్ళు దాని మీద తుడుచుకోకుండా ఎవరూ లోపలికి పోకూడదు. పురుగులకు రోగాలు తగులుతాయని బయటివాళ్ళను రానిచ్చేది కాదు. అవ్వనూ రానిచ్చేది కాదు.

"పురుగులంట, పురుగులు! కుప్పమోళ్ళకు ఇంగేం చేతనవుతాది?" అని అవ్వ పంచలోంచి అరిచేది. కొట్టంలో ఉన్న అమ్మ ఆ అరుపును చెవిన వేసుకునేది కాదు. ఇంట్లో వంచిన తల ఎత్తని మా అమ్మ, ఆ కొట్టంలోకి అడుగుపెడితే ఇంకో మనిషి. తట్టలు దించుతూ, ఆకు తరిగి చల్లుతూ, అరవమూ తెలుగూ కలిపి పురుగులతో కబుర్లు చెప్పేది. వాటిని పురుగులని అననిచ్చేది కాదు, పూచులు అనాలి. "తినండి నాయనా, తినండి" అని నవ్వేది. అమ్మ నవ్వు నేను ఎక్కువగా విన్నది అక్కడే.

మొదటి పంట రోగమొచ్చి పోయింది. తట్టలకు తట్టలే గుంత తీసి పూడ్చారు. మా నాయన ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు. "ఇంగొక్క పంట సూస్తా. అదీ పోయిందంటే మల్బరీ పెరికేసి టమాటా పెడతా, కొట్టం పీకేస్తా. మళ్ళా నోరెత్తొద్దు." అమ్మ నోరెత్తలేదు. ఆ కొట్టం పోతే తాను ఎక్కడికి తిరిగి రావాలో ఆమెకు తెలుసు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, అవ్వ కళ్ళ ఎదుట ఉన్న ఆ పొయ్యి దగ్గరికి.

ఇక నూనె సంగతి. ఈ మాహాత్మ్యం మా ఊళ్ళోకి ఎవరు తెచ్చారో కానీ, ఒక ముసలాయన ట్రాన్స్‌ఫార్మరు నూనె రుద్దుకుని లేచి నడిచాడని పుకారు పుట్టింది. ఆ డబ్బాలోని నూనె కరెంటును తాగి ఉంటుందనీ, ఆ సత్తువ కీళ్ళలోకి దిగుతుందనీ నమ్మకం. మా ఊళ్ళో నొప్పి లేని మోకాళ్ళు ఎన్నున్నాయి గనక! మధ్యాహ్నం కరెంటు తీసేసిన వేళ చూసుకుని, ఎవరికి వాళ్ళు గుట్టుగా పోయి, రాయి ఎక్కి, డబ్బా అడుగున ఉన్న కొళాయి తిప్పి ఒక సీసా పట్టుకునేవాళ్ళు. ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. కింది తీగల్లో కరెంటు లేకపోయినా పై తీగల్లో ఉండొచ్చన్న భయం ఒక్కరికీ లేదు. తెచ్చిన నూనెలో హారతికర్పూరం వేసి, వెచ్చజేసి రుద్దేవాళ్ళు. చర్మం నల్లబడి పొట్టు లేచినా మానేవాళ్ళు కాదు.

అవ్వ మోకాళ్ళు ఆ ఏడు బాగా వాచిపోయాయి. మూలుగుతూనే ఉండేది. అమ్మ ఆకు తరుగుతూ తరుగుతూ ఆగి ఆ మూలుగు వైపు చూసేది. ఒక మధ్యాహ్నం ఖాళీ సీసా ఒకటి కొంగు కింద దాచి, "రా మే" అని నన్ను గట్టు మీదికి తీసుకుపోయింది.

"ఆ సింతసెట్టుకాడ నిలబడు. ఎవురన్నా వస్తే దగ్గు."

నాకు పెద్ద ఉద్యోగం ఇచ్చినట్టయింది. కాసేపటికి ఒక మేక వచ్చింది. మేక వెనక మనిషి ఉంటాడు కదా అని గట్టిగా దగ్గాను. అమ్మ ఉలిక్కిపడి రాయి మీద నుంచి జారింది, సగం నూనె చీర మీద పడింది. మేక వెనక ఎవరూ లేరు. "నీ దగ్గు పాడుగాను" అని తిడుతూనే నవ్వింది. ఇంటికొచ్చాక సీసా నా చేతికిచ్చి చెప్పింది. "అవ్వకియ్యి. లైన్‌మేను ఇచ్చినాడని చెప్పు."

నేను అట్లాగే చెప్పాను. అవ్వ సీసా ఎత్తి వాసన చూసింది. వాకిట్లో చీర కుచ్చెళ్ళు పిండుకుంటున్న అమ్మ వైపు చూసింది. "లైన్‌మేను సీర కట్టుకోనొచ్చినాడా?" అంది. సీసా మంచం పక్కన పెట్టుకుని, "మీ అమ్మకు చెప్పు, ఆ రాయి మీద కాలు జారుతాదని. పైలంగా ఉండమను" అంది. ఆ మాట అమ్మకు చెబితే అమ్మ వినబడనట్టు లోపలికి పోయింది. ఆ తర్వాత నూనె అయిపోయినప్పుడల్లా అవ్వ మంచం పక్కకు ఇంకో సీసా వచ్చేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

ఎండాకాలం వచ్చింది. కరెంటు రాగానే ఊళ్ళోని మోటార్లన్నీ ఒక్కసారిగా వేసేవాళ్ళు. ఆ డబ్బా మోయగలిగిన దానికన్నా మోటార్లు ఎక్కువైపోయాయి. ఒక పొద్దున నేను మల్బరీ ఆకులు గంపకెత్తుతుంటే, గుమ్మ్ మనే మోత గొంతు మారింది. గురగురమంది. తర్వాత ఢామ్మని పేలుడు. నల్లటి పొగ, కాలిన కాగితమూ నూనే కలిసిన కంపు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. లైన్‌మేను వచ్చి చూసి తల మీద చేతులు పెట్టుకున్నాడు. "కాయిలు కాలిపోయిందప్పా. దించండి, మదనపల్లెకు ఎత్తకపోవల్ల."

అప్పట్లో మా పక్క పద్ధతి అది. ట్రాన్స్‌ఫార్మరు కాలితే దాన్ని వాడుకునే రైతులే దించాలి, ట్రాక్టరుకెక్కించి బాగుచేసే షెడ్డుకు తీసుకుపోవాలి, దాని పక్కనే కాపలా ఉండాలి. లేచి పక్కకు పోతే వెనకూరి డబ్బా ముందుకు జరుగుతుంది. మా నాయన, ఇంకో ఇద్దరు దుప్పట్లు చంకన పెట్టుకుని ట్రాక్టరెక్కారు.

అప్పటికి అమ్మ పురుగులు మూడో జరం లేచాయి. జరమంటే పురుగు తిండి మానేసి, కదలకుండా ఉండి, పాత చర్మం విడవడం. నాలుగు జరాలు దాటిన పురుగు రాక్షసి, దానికి ఎంత ఆకు వేసినా చాలదు. అదే వేళకు మల్బరీకి నీళ్ళు ఆగిపోయాయి. ఆకు అంచులు ముడుచుకున్నాయి, గరుకుదేరాయి. అమ్మ తెల్లవారుజామునే లేచి చలువగా ఉన్న ఆకు కోసి, తడి గోనెల కింద దాచి, పొదుపుగా వేసేది. తాగే నీళ్ళకే దిగుడుబావి దగ్గర కొట్లాటలు. కొట్టం వదిలి అమ్మ కదలలేదు, మంచం వదిలి అవ్వ కదలలేదు, మదనపల్లెలో డబ్బాను వదిలి నాయన కదలలేడు, వీళ్ళను వదిలి నేను కదలలేను. ఆ వేసవి సెలవుల్లో మా మామ కూతురు కుప్పం రమ్మని కబురు పెడితే, గోడ వెనక కూర్చుని ఏడ్చాను.

నాయనకు సంగటిముద్దలూ, పచ్చిమామిడి పప్పూ మూట కట్టి ఇస్తే, చిన్నాయనతో కలిసి బస్సులో తీసుకుపోయాను. ఆ షెడ్డు ఆవరణలో వరసగా కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో ఊరి మనుషులు. పెద్దమండ్యం వాళ్ళు పేకాడుతున్నారు. కలకడ నుంచి వచ్చిన ఒకాయన తన డబ్బాకు ఎండ తగలకుండా తువ్వాలు కప్పి, దానికి ఆనుకుని కునుకుతున్నాడు. "ఇదేమి తాతా, దానికి తువ్వాలు కప్పినావు?" అంటే, "పెద్ద కొడుకమ్మా ఇది. తిరనాళ్ళలో ఇడిసిపెట్టినామంటే తప్పిపోతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్ళ మొహాల్లో నిద్రలేదు. అందరి చేలూ ఊళ్ళల్లో ఎండుతున్నాయి.

మా వంతు ఆ రోజే వచ్చింది. అక్కడి పనులు చూసే కుర్ర ఇంజనీరు మూత విప్పించి లోపల పుల్ల పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు. "ఇంత నూనె ఎక్కడికి పోయింది? ఎక్కడా కారిన జాడ లేదే. ఎవరో కొళాయి తిప్పి తీశారు. ఎవరు తీశారో తేలేదాకా దీన్ని లోపలికి తీసుకోను. రేపు నేనే మీ ఊరికి వస్తా."

మా డబ్బాను పక్కకు నెట్టి కలకడవాళ్ళది ముందుకు జరిపారు. కాపలాకు మిగతా ఇద్దర్నీ డబ్బా దగ్గరే ఉంచి నాయన లేచాడు. మాతోనే బస్సెక్కాడు. పుంగనూరులో దిగాక చిన్నాయనతో అన్నాడు. "వాడెవుడో దొరకనీ. కాళ్ళు ఇరగ్గొట్టి వానికి కూడా నూనె రాయిస్తా." నేను ఖాళీ సంగటిగిన్నెను గుండెకు హత్తుకుని నడిచాను. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, కత్తిపీట మీద అమ్మ చేతిలోని ఆకు అట్లాగే ఆగింది. "నా పూచులను నేనే సంపుకుంటి మే" అంది. ఏడవలేదు. ఆకు తరగడం మళ్ళీ మొదలుపెట్టింది.

మరుసటి రోజు పొద్దున పాలు పోసే కేంద్రం ముందు ఊరంతా చేరింది. ఆ పొద్దుటికి ఊళ్ళో ఒక్క నూనె సీసా కనిపిస్తే ఒట్టు. అన్నీ గడ్డివాముల్లోకి, గాదెల వెనక్కి చేరిపోయాయి. ఇంజనీరు అడుగుతున్నాడు, అందరూ కాళ్ళ బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. లైన్‌మేను అందరికన్నా ఎక్కువగా చూసుకుంటున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒకాయన, మా చేని పక్క చేనాయన, గొంతు సవరించుకున్నాడు.

"నేను సూసిందే చెప్తాండా. ఆ కుప్పమామె ఒకనాడు మద్దేన్నం ఆ పక్కకు పోతాండె."

ఊరంతటికీ ఊపిరి వచ్చింది. బయటి ఊరి మనిషి మీదికి పోయింది కదా, ఇంకేం! గుసగుసలు మొదలయ్యాయి. మా నాయన మెడ తిప్పి మా ఇంటి వైపు చూశాడు. ఆ చూపు చూడగానే నేను పరుగెత్తాను.

కొట్టం తలుపు దగ్గర నిలబడి ఒగరుస్తూ అంతా చెప్పాను. అమ్మ చేతులు తుడుచుకుని, "పద, పోయి ఒప్పుకుంటా" అంది. ఆ మాట ఆమె నోట్లో ఉండగానే ఇంటి పంచలోంచి అవ్వ గొంతు వినిపించింది. నా పరుగు చూసి, నా అరుపు విని, ఆమెకు సంగతంతా అర్థమైపోయింది.

"మీ అమ్మకు చెప్పు, ఆడనే ఉండమని. పురుగులకు ఆకు వేసే యాల. నువ్వు రా, నన్ను లేపు."

నేను లేపాను. చేతికర్ర ఒక పక్క, నా భుజం ఒక పక్క. అడుగుకొకసారి దేవుళ్ళందరినీ తిట్టుకుంటూ, పాల కేంద్రం దాకా నడిచింది. జనం దారి ఇచ్చారు. అవ్వ అరుగు మీద కూలబడి, ఆయాసం తీర్చుకుని ఇంజనీరు వైపు చూసింది.

"నేనే నాయనా. నూనె నాకే."

"నువ్వు లేచి నడవలేవంటున్నారు గదవ్వా?"

"ఆ నూనె రాసినాకనే గదప్పా ఈడిదాకా వస్తి."

జనం నవ్వారు. ఇంజనీరు పెదవి బిగించుకున్నాడు. "సరే. రాయెక్కి ఆ కొళాయి తిప్పి తెచ్చిచ్చింది ఎవరు?"

"నా మొగుడు."

"ఆయనెక్కడ?"

"పోయి నిండా ఏండ్లయ్యింది. కేసు పెట్టల్లంటే ఆడికే పోవల్ల నువ్వు."

ఈసారి ఇంజనీరూ నవ్వాడు. అవ్వ నవ్వలేదు. చేతికర్ర ఎత్తి ఆ పక్క చేనాయన వైపు చూపించింది. "నువ్వు సూసినావు సరే. మీయమ్మ మోకాళ్ళకు రాసేది ఏ గానుగ నూనెరా? గడ్డివాములో చెయ్యి పెట్టి నేను తీయల్లా, నువ్వే తీస్తావా? కుప్పమామె అంట! ఆ బిడ్డకు పురుగులు ఇడిసి తల దువ్వుకునే తీరిక ల్యాదు. దాని పేరెత్తినోళ్ళ ఇండ్లకు నేనే వస్తా, సీసాలు ఎదికేదానికి."

గడ్డివాము ఆయన తల దించుకుని వెళ్ళి సీసా తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. సారాయి సీసాలు, దగ్గుమందు సీసాలు, గోలీసోడా సీసాలు. ఒకామె ఊరగాయ జాడీ తెచ్చింది. "ఇవన్నీ మళ్ళా దాంట్లోకి పోసేస్తే సరిపోతాది గదా సార్" అని ఒక ముసలాయన ఆశగా అడిగాడు. అందులో కర్పూరం కలిసి ఉందని లైన్‌మేను మొత్తుకున్నాడు.

ఇంజనీరు అప్పుడు కోపం మాని చెప్పాడు. ఆ నూనె మందు కాదు, రుద్దితే చర్మానికి చేటు. లోపల తీగచుట్లు దాంట్లో మునిగి ఉండాలి. ఒకదాని నుంచి ఒకదానికి నిప్పు దూకకుండా ఆపేది అదే, వేడిని గొట్టాల్లోకి తీసుకుపోయి చల్లార్చేదీ అదే. నూనె దిగిపోతే పై చుట్లు బయటపడతాయి, వేడికి కాగితం మాడుతుంది, కాలిపోతుంది. "మీ మోకాళ్ళకు మీ చేలు రాసుకున్నారు" అన్నాడు. ఇక మీద ఎవరమూ ముట్టుకోమని అందరి చేతా ఒట్టు వేయించుకుని, డబ్బాను లోపలికి తీసుకుంటానని చెప్పి వెళ్ళాడు. మా నాయన అవ్వను చేతుల మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. తెస్తూ ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆమె చెప్పలేదు.

బాగైన ట్రాన్స్‌ఫార్మరు ట్రాక్టరెక్కి వచ్చేసరికి పురుగులు నాలుగో జరం లేచి ఆకలి మీద ఉన్నాయి. డబ్బాకు పసుపు పూసి, పూలదండ వేసి, టెంకాయ కొట్టి పైకెత్తారు. లైన్‌మేను పైన స్విచ్చు వేశాడు. ఊరంతా కదలకుండా నిలబడి ఉంటే గుమ్మ్ మంది. ఆ మోతకు మా అమ్మ కొట్టంలోనే కూలబడి ఏడ్చేసింది. మల్బరీకి నీళ్ళు పారాయి. కొన్ని తట్టలు అప్పటికే పోయాయి. మిగిలిన పురుగులు పండి, చంద్రికలనే వెదురు చాపల మీద గూళ్ళు కట్టాయి, పచ్చగా, గట్టిగా. నాయన ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసి, "పరవాల్యా" అన్నాడు. కొట్టం పీకే మాట మళ్ళీ ఎత్తలేదు.

డబ్బా అడుగు కొళాయికి వెల్డింగు పెట్టేశారు. పాల కేంద్రం దాకా నడిచిన నడక అవ్వకు ఆఖరి నడక అయింది. మోకాళ్ళు మళ్ళీ కాలు కింద పెట్టలేనంత వాచాయి. ఆముదం వెచ్చజేసి రాస్తానని నేనంటే ఒప్పుకునేది కాదు. అమ్మకు కొట్టం మిగిలింది, అవ్వకు మంచం మిగిలింది. నేను తర్వాత మదనపల్లె హాస్టలుకు వచ్చేశాను, ఆ ఇంట్లోంచి నేనొక్కదాన్నే బయటపడ్డాను. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని తప్పినందుకు అప్పుడు సంతోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే, నేను వెళ్ళిపోయాక వాళ్ళిద్దరూ ఆ ఇంట్లో ఎట్లా బతికారో అనిపిస్తుంది.

అమ్మ అవ్వతో నేరుగా మాట్లాడగా నేను చూసింది ఒక్కసారే. గూళ్ళు మార్కెట్టుకు పోయిన మరునాటి మధ్యాహ్నం అది. అమ్మ కొట్టం కడిగి, చేతులు కడుక్కుని, తిన్నగా వచ్చి అవ్వ మంచం పట్టె మీద కూర్చుంది. నేను పంచలో గచ్చకాయలు ఆడుతూ ఆగిపోయాను. అమ్మ చెయ్యి చాపి, వాచిన మోకాలి మీద మెల్లగా పెట్టింది.

"అత్తా, నిండా నొస్తాందా?"

అవ్వ ఆ చేతిని చూసింది. అమ్మ మొహం చూసింది. పెదవులు కదిలాయి. ఎంతసేపు చూసిందో! తర్వాత కళ్ళలో నీళ్ళతో నా వైపు తిరిగింది.

"మీ అమ్మకు చెప్పు, నొప్పేమీ ల్యాదని."

అమ్మ చెయ్యి తీయలేదు. అవ్వ మోకాలు జరపలేదు. ఇద్దరూ నా కోసమే ఎదురు చూస్తున్నారు.

"నొప్పేమీ లేదంట అమ్మా" అన్నాను.